యాభై అయిదు డిగ్రీల బాబాయ్

తెనాలి బసవలింగానికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువైనా ఎంత వేడిగా ఉందో చెయ్యి పెట్టి చూడందే ఊరుకోలేడు. చుట్ట లేదు, పేకాట లేదు, పరాయివాళ్ళ గొడవలు అసలే లేవు. అరవై ఏళ్ళ మనిషి, ఉతికిన తెల్లచొక్కా, మెత్తని మాట. కానీ ఆ ఎడమచెయ్యి ఉందే, అది మాత్రం ఆయన అదుపులో ఉండదు. హోటల్లో పక్క బల్ల దగ్గర ముక్కూ మొహం తెలియనాయన ఇడ్లీ తింటుంటే, ఆ చెయ్యి వెళ్ళి ప్లేటులో ఇడ్లీని ముట్టుకుని వస్తుంది. "ముప్పై ఆరు డిగ్రీలు. ఇది ఇప్పటి వాయి కాదండీ, తెల్లారుజాముది" అని నోరు తీర్పు చెప్పేస్తుంది. తెనాలిలో ఒక హోటలాయన చేతులు జోడించి, "అయ్యా, మీ టిఫిను రోజూ ఇంటికే పంపిస్తాను, మీరు మాత్రం లోపలికి రాకండి" అన్నాడు.

నిడుబ్రోలులో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని, మంత్రాల మధ్యలో "ముప్పై తొమ్మిదిన్నర" అన్నాడు. పురోహితుడు ముహూర్తంలో ఏదో తేడా వచ్చిందనుకుని కంగారుగా పంచాంగం తిరగేశాడు. "ముహూర్తం కాదండీ, అబ్బాయికి జ్వరం" అన్నాడు బసవలింగం. మగపెళ్ళివాళ్ళు ఒంటికాలి మీద లేచారు. మూడో రోజుకల్లా పెళ్ళికొడుకు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడ్డాడు. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బసవలింగాన్ని పెళ్ళిళ్ళకి పిలవడం మానేసి, జ్వరాలకి పిలవడం మొదలుపెట్టారు.

ఈ చెయ్యి వల్ల లోకంలో అందరికంటే ఎక్కువ నలిగిపోయిన ప్రాణి ఎవరంటే, బాపట్లలో ఉండే సాయి సుధ.

సుధది వేటపాలెం. నేతపని చేసే ఇల్లు. ఇంట్లో మగ్గాలు మూలపడ్డాక ఆరేళ్ళు జీడిపప్పు కంపెనీలో గింజలు కొట్టింది. గింజ పగిలినప్పుడల్లా జీడిసొన వేళ్ళ మీద పడుతుంది. చర్మం ఊడుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఊడుతుంది. ఆ ఆరేళ్ళలోనే సాయంత్రాలు కంప్యూటరు నేర్చుకుని, చీరల డిజైన్లు గీయడం నేర్చుకుని, బాపట్ల స్టేషను రోడ్డులో చిన్న గది తీసుకుని 'సుధ డిజైన్స్' అని బోర్డు పెట్టింది. చీర కొంగు మీద నెమలి రావాలంటే ముందు కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా నెమలిని గీయాలి. ఆ గళ్ళ ప్రకారం అట్టలకి చిల్లులు కొట్టాలి. ఆ అట్టలు మగ్గానికి తగిలిస్తే ఏ దారం లేవాలో, ఏది పడుకోవాలో అవే చెబుతాయి.

ఈ పనంతా చేసేది ఒక పాత కంప్యూటరు. దాన్ని మార్చడానికి వీల్లేదు. ఆమె డిజైన్ల ప్రోగ్రాము తెరుచుకోవాలంటే వెనకాల తాళంచెవి లాంటి చిన్న డబ్బా ఒకటి గుచ్చాలి. ఆ డబ్బా పట్టే రంధ్రం కొత్త కంప్యూటర్లకి లేదు. ఆ ప్రోగ్రాము అమ్మినవాళ్ళు ఏనాడో దుకాణం కట్టేశారు. అంటే ఈ మిషను ఉన్నంతకాలమే సుధ డిజైన్స్. ఇది కాలిపోయిన రోజున సుధ మళ్ళీ వేటపాలెం వెళ్ళి జీడిగింజల ముందు కూర్చోవలసిందే.

ఆరేళ్ళ క్రితం ఒకరోజు ఆ మిషను మరీ మొరాయిస్తుంటే బసవలింగాన్ని పిలిచింది. ఆయన సొంతూరు కూడా వేటపాలెమే, సుధ వాళ్ళమ్మదీ ఆయనదీ ఒకే వీధి. ఆ వరసన బాబాయ్. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చిన మెకానిక్కు.

"చీర మొత్తం ఒక్కసారి చూపించమంటే పొద్దున్న మొదలుపెట్టి, నేను అన్నం తినొచ్చినా చూపించట్లేదు బాబాయ్. ఏం చెయ్యను?"

బసవలింగం మిషను పక్క రేకు ఊడదీసి లోపలికి తొంగి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అమ్మాయ్, నీ అదృష్టం బావుంది. ఈ ప్రాసెసరు ఉంది చూశావూ, ఇది నాలుగు గదుల ఇల్లు. కంపెనీవాడు రెండు గదులకి తాళం వేసి, రెండు గదుల ఇల్లని తక్కువకి అమ్మాడు."

"తాళం ఎందుకేశాడు?"

"ఒక్కోదాంట్లో ఆ గదులు బాగుండవు. ఒక్కోదాంట్లో బాగానే ఉన్నా, తక్కువ ధరవి కావాలి కాబట్టి వేసేస్తాడు. మనం తీసి చూద్దాం. బాగుంటే నాలుగు గదుల్లోనూ పని జరుగుద్ది. పనిలో పనిగా వేగం కూడా కాస్త పెంచుదాం."

తీశాడు. గదులు బాగున్నాయి. పూట పట్టే పని గంటలో అయిపోయింది. సుధ ఆనందం పట్టలేక కంప్యూటరుకి బొట్టు పెట్టింది. ఆ ఆనందం సరిగ్గా పది నిమిషాలు ఉంది.

పదకొండో నిమిషంలో బసవలింగం మొహం మాడిపోయింది. తెర మీద ప్రాసెసరు ఎంత వేడెక్కిందో చూపించే చోట సున్నా అని ఉంది.

"సున్నా అంటే చల్లగా ఉన్నట్టేగా బాబాయ్?"

"చల్లగా కాదే, గుడ్డిదైపోయినట్టు. తాళం తీస్తే లోపలున్న కొలమానం పనిచెయ్యదు. ఈ జాతి ప్రాసెసర్లతో ఇదే తంటా. వేగం పెంచాం, వేడి పెరుగుద్ది. అరవై దాటిందా, ఆరిపోద్ది. అట్లా పది సార్లు ఆరిందంటే ఇక లేవదు."

"మరి ఎంత వేడెక్కిందో తెలిసేదెట్లా? ఇంకేం దారి లేదా?"

బసవలింగం ఆమె చేతుల వంక ఒకసారి చూసి, తన ఎడమచెయ్యి పైకెత్తాడు. "లేదు. ఇదే దారి."

ఆ క్షణం నుంచి సుధకి మనశ్శాంతి లేదు.

ఆయన పద్ధతి ఇది. ఫ్యాను కింద అల్యూమినియం రేకులుంటాయి. వాటి మొదట్లో రెండు వేళ్ళు ఆనించి, కాలే దాకా లెక్కపెట్టాలి. ఒకటి అనకూడదు, కొట్లో ధాన్యం కొలిచినట్టు లాభం అనాలి. లాభం, రెండు, మూడు దగ్గరే చెయ్యి లాక్కుంటే అరవై, అంటే ప్రమాదం. ఏడు దాకా ఉంచగలిగితే యాభై అయిదు, ఫర్వాలేదు. పదిహేను దాటితే మిషను హాయిగా ఉన్నట్టు. మొదట్లో, "నువ్వు లెక్కపెట్టి ఫోన్లో చెప్పు చాలు" అన్నాడు. మొదటి రోజు ఆమె చెప్పింది.

"ఇరవై రెండు బాబాయ్."

"నేనొస్తున్నా ఉండు" అన్నాడు అవతల నుంచి.

తెనాలి నుంచి రైలెక్కి బాపట్ల వచ్చి, తన వేళ్ళు పెట్టి, "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. యాభై అయిదు" అని మళ్ళీ రైలెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. ఇరవై అన్నా వచ్చేవాడు, ముప్పై అన్నా వచ్చేవాడు. వారంలో నాలుగు రోజులు వచ్చేవాడు. ఎండల్లో ఆరు రోజులు వచ్చేవాడు. నా మాటంటే ఇంత అపనమ్మకమా అని సుధకి ఒళ్ళు మండేది. అదైనా మిషనుతో ఆగితే బాగుండేది. రాగానే ఆయన ముందు ముట్టుకునేది మిషనుని కాదు, ఆమె టీ గ్లాసుని.

"అరవై నాలుగు. ఆగు."

"నా టీ నన్ను తాగనివ్వండి బాబాయ్!"

"ఆగవే. ఇంకా అరవై."

ఆ గ్లాసు ఆయన చేతిలో చల్లారి, పైన మీగడ కట్టాక ఆమె చేతికొచ్చేది. ఆరేళ్ళలో సుధ వేడి టీ రుచే మరిచిపోయింది. ఒకరోజు చూస్తే గ్లాసుకి చుట్టూ నూలు చుట్టి ఉంది. ఇంకోరోజు గిన్నె పట్టకారుకి. ఆపైన ఇస్త్రీపెట్టె పిడికి, గ్యాసు పొయ్యి మరకి, అట్టలు కొట్టే మిషను మోటారు మీద మూతకి కూడా నూలు వచ్చేసింది. చీరాల నుంచి అట్టల కోసం వచ్చే నేతగాళ్ళు ఆ గదిని వింతగా చూసి, "ఏంటమ్మా, గ్లాసులకి స్వెట్టర్లు వేశావు?" అనేవాళ్ళు. సుధ సిగ్గుతో చచ్చిపోయేది.

ఆయనలో ఆమెకి నచ్చిన గుణం ఒకే ఒక్కటి ఉంది. రేషను షాపులో వేలిముద్ర మిషను ఆమె బొటనవేలిని ఎప్పుడూ గుర్తుపట్టేది కాదు. సిమ్ కార్డు కొనబోయినా అంతే, పది వేళ్ళూ పెట్టినా పచ్చదీపం వెలగదు. ఆ సంగతి చెప్పి ఆమె తిట్టుకుంటుంటే, ఏదైనా ముట్టుకుని చూడందే నమ్మని బసవలింగం, ఆ మిషన్ల మీద మాత్రం చూడకుండానే నేరం మోపేవాడు. "అవన్నీ దిక్కుమాలిన మిషన్లమ్మా. నీ వేలికేం? మిషను మంచిది కాదు" అనేవాడు.

తనొక్కతే కాదు కదా అని సుధ అప్పుడప్పుడు తనకి తనే చెప్పుకునేది. బసవలింగం ఇలా తాళం తీసిన మిషన్లు మొత్తం మూడు. ఒకటి తెనాలిలో యాకోబు ఫోటో స్టూడియోలో ఉంది. ఇంకొకటి రేపల్లెలో ఫ్లెక్సీ బ్యానర్లు అచ్చువేసే వినయ్ కుమార్ దగ్గర ఉంది. పాపం, వాళ్ళ టీలు కూడా చల్లారిపోతూనే ఉంటాయి కదా అనుకుంటే కాస్త ఊరటగా ఉండేది.

ఈ మే నెలలో సుధ జీవితంలో ఎన్నడూ రాని పని వచ్చింది. చీరాల బట్టల వ్యాపారి శ్యాంప్రసాద్ తన కొత్త షాపు తెరిచే రోజుకి ఒక చీర తయారుచేయించాలనుకున్నాడు. అంచు నిండా పడవలు, కొంగు నిండా చేపలు. రెండువేల అట్టలు. శనివారానికి కావాలి. బాగా వస్తే ఏడాది పొడవునా తన డిజైన్లన్నీ సుధకే. రాకపోతే వేరే ఊళ్ళో కొత్త మిషన్లవాళ్ళు సిద్ధంగా ఉన్నారని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

ఆయన కుర్చీలో కూర్చుని మొదటి నమూనా చూస్తుండగా బసవలింగం వచ్చాడు. బాబాయ్ వద్దు, బాబాయ్ వద్దు అని సుధ కళ్ళతోనే బతిమాలింది. కానీ శ్యాంప్రసాద్‌ది నున్నటి బట్టతల. ఎండలోంచి వచ్చి నిగనిగలాడుతోంది. ఆ తల, ఆ చెయ్యి ఒకే గదిలో ఉన్నాక ఆపడం ఎవరి తరం?

"ముప్పై ఎనిమిది" అన్నాడు బసవలింగం, అరచెయ్యి ఆ తల మీద పూర్తిగా ఆనించి. "ఎండ తగిలిందండీ. మజ్జిగ తాగండి."

శ్యాంప్రసాద్ మెల్లిగా వెనక్కి తిరిగాడు. "ఎవరమ్మా ఈయన?"

"మా బాబాయండి. మెకానిక్."

"దేనికి మెకానిక్? మనుషులకా?"

ఆయన నమూనా కాగితం బల్ల మీద పడేసి, "శనివారం చూద్దాంలే" అని వెళ్ళిపోయాడు. ఆ 'చూద్దాంలే'లో సుధకి జీడిపప్పు కంపెనీ గేటు కనిపించింది.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించింది. "బాబాయ్, మీకు దండం పెడతాను. శనివారం దాకా మా షాపులోకి రావద్దు. ఫోను కూడా చెయ్యొద్దు. మీ చెయ్యి నా కొంప ముంచేట్టుంది."

బసవలింగం ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి జేబులో ఉండగా ఆమె చూడటం అదే మొదటిసారి.

"సరే తల్లీ. ఒక్క మాట విను. వేళ్ళతో చూడకు. మోచెయ్యి ఆనించి చూడు."

"మోచెయ్యా?"

"పసిపిల్లకి నీళ్ళు పోసేముందు తల్లి చూసుకుంటుందే, అట్లా."

పిచ్చి ముదిరిందని నిశ్చయించుకుని, సరే సరే అని పంపేసింది.

మర్నాటి నుంచి గది ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేం. సుధ వేడి వేడి టీ తాగింది, ఒకటికి రెండు సార్లు. గంటకోసారి మిషనులో వేళ్ళు పెట్టి లెక్కపెట్టింది. లాభం, రెండు, మూడు అంటూ నలభై దాకా వెళ్ళి, విసుగొచ్చి తీసేసేది. మిషను కొత్తకుండలా చల్లగా ఉంది! ఈ మాత్రానికా ఆరేళ్ళు రైళ్ళెక్కి వచ్చాడు మహానుభావుడు అనుకుంది. పడవలు బారులు తీరాయి. చేపలు సగం ఈదాయి.

గురువారం పదింటికి కంప్యూటరు టప్పున ఆరిపోయింది.

మళ్ళీ వేసింది. పది నిమిషాలకి ఆరిపోయింది. మళ్ళీ వేసింది. ఈసారి నాలుగు నిమిషాలు. వేళ్ళు పెట్టి చూస్తే ఎప్పటిలాగే ఉంది. వేడి లేదు, ఏమీ లేదు, మరి ఎందుకు చస్తోంది? చేపలకి తలలున్నాయి, తోకలు లేవు. సుధ కుర్చీలో కూలబడింది. అయిపోయింది, ఇక అంతా అయిపోయింది. బసవలింగానికి ఫోను చేసింది. ఆపేసి ఉంది. నువ్వు చెయ్యొద్దన్నావుగా అన్నట్టు ఆ ఫోను మొండికేసింది. ఆమె షట్టరు దించి, తెనాలి వెళ్ళే రైలెక్కింది. రైల్లో కూర్చుని, వేటపాలెం కంపెనీలో తన పాత పీట ఇప్పుడు ఎవరి కింద ఉందో అని ఆలోచించింది.

తెనాలిలో ముందు యాకోబు స్టూడియో తగిలింది. తోటి బాధితుడు కదా, బాబాయ్ ఎక్కడున్నాడో ఆయనకే తెలుస్తుందని లోపలికి వెళ్ళింది. యాకోబు పెళ్ళి వీడియో ఒకటి కత్తిరిస్తున్నాడు. పక్కన అదే జాతి మిషను. దాని నెత్తిన అగ్గిపెట్టెంత డబ్బా. డబ్బాలోంచి సన్నటి తీగ లోపలికి దిగి ఉంది. డబ్బా మీద ఎర్రగా 53 అని వెలుగుతోంది.

"ఏంటన్నా అది?"

"వేడి చూపించే డబ్బామ్మా. తీగ చివర ప్రాసెసరు దగ్గర అంటిస్తారు. బసవలింగంగారే పెట్టారు."

"ఎప్పుడు?"

"తాళం తీసిన వారానికే. రేపల్లె వినయ్ కుమార్‌కి కూడా అదే."

"మరి ఆయనొచ్చి చెయ్యి పెట్టి చూడడా?"

యాకోబు నవ్వాడు. "చెయ్యెందుకమ్మా, అంకె కనబడుతుంటే? సంక్రాంతికి ముందెప్పుడో వచ్చారు, అదీ టీ తాగడానికి."

"నీ టీ నిన్నే తాగనిచ్చాడా?"

"నా టీ నేను తాగక?"

సుధ తల తిరిగిపోయింది. ఆరేళ్ళు! వేరే దారి లేదన్నాడు. అగ్గిపెట్టెంత డబ్బాతో పోయేదానికి ఆరేళ్ళు తనని నమ్మకుండా, తన టీలన్నీ చల్లార్చి, తన గది నిండా స్వెట్టర్లు తొడిగి, ఇంత పిచ్చిదాన్ని చేస్తాడా? రైల్లో వచ్చిన ఏడుపంతా కోపమైపోయింది. బసవలింగం ఇంటికి ఆమె నడిచి వెళ్ళలేదు, దండెత్తి వెళ్ళింది.

తలుపు తీసింది బసవలింగం భార్య ఆదిలక్ష్మి.

"బాబాయ్ ఏడి పిన్నీ?"

"ఇంకెక్కడ? మీ బాపట్లే వెళ్ళారు."

"రావద్దన్నానుగా!"

"షాపులోకి రావద్దన్నావంట. మీ వీధి చివర టీ బంకులో కూర్చోవద్దని అనలేదంట. సోమవారం నుంచీ అదే డ్యూటీ. పొద్దున్న పదకొండింటి బండికి పోతారు, చీకటిపడ్డాక వస్తారు. మనసు ఆగక నీకు చేసేస్తానేమోనని ఫోను ఆపేసి బీరువాలో పెట్టి పోతున్నారు. ముందు కూర్చో, మొహం చూడు ఎట్లా పీక్కుపోయిందో. కాఫీ తెస్తానుండు."

ఆదిలక్ష్మి పొయ్యి మీద నుంచి దించిన కాఫీ స్టీలు గ్లాసులో పోసి, కొంగుతో పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది. సుధ గ్లాసు చుట్టూ నాలుగు వేళ్ళూ బిగించి పట్టుకుని మొదలుపెట్టింది. "ఆరేళ్ళు పిన్నీ! యాకోబుకి డబ్బా, వినయ్ కుమార్‌కి డబ్బా, నాకేమో చెయ్యి. నేను మీ ఆయనకేం అపకారం చేశానని..."

"గ్లాసు దించు."

"నన్ను చెప్పనివ్వండి పిన్నీ."

"గ్లాసు దించవే ముందు!"

ఆదిలక్ష్మి గభాలున గ్లాసు లాగేసుకుని, "అమ్మా!" అని దాన్ని బల్ల మీద పడేసింది. కాఫీ ఒలికింది. ఆమె తన వేళ్ళు ఊదుకుంటూ సుధ వేళ్ళ వంక చూసింది. సుధ కూడా చూసుకుంది. నాలుగు వేళ్ళూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నొప్పి లేదు.

"మొదటి రోజే చూశారంట ఆయన" అంది ఆదిలక్ష్మి. "నువ్వు పొగలు కక్కే టీ గ్లాసు ఉత్త చేత్తో పట్టుకుని కబుర్లు చెప్తున్నావంట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ పిల్ల వేళ్ళకి వేడి తెలీటం లేదే, జీడిసొన తినేసిందే అన్నారు. ఎంత దాకా పోయిందో తేల్చుకోవడానికే నీ చేత ఫోన్లో లెక్కపెట్టించారంట. ఆ డబ్బా నీ కోసం కూడా కొన్నారమ్మా. అదిగో, టీవీ మీద ఉంది. అది పెడితే ఇక నేనేమని వెళ్ళను, ఆ టీ గ్లాసులు ఎవరు చూస్తారు అన్నారు."

సుధ టీవీ మీద చూసింది. అగ్గిపెట్టెంత డబ్బా. దాని మీద ఆరేళ్ళ దుమ్ము.

నలభై దాకా లెక్కపెట్టి మిషను చల్లగా ఉందని మురిసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రేషను షాపు గుర్తొచ్చింది. నీ వేలికేం, మిషను మంచిది కాదు. దండెత్తి వచ్చిన మనిషి దారిలో సైన్యాన్నంతా పారేసుకున్నట్టు, ఆ డబ్బా కూడా తీసుకోకుండా ఉత్త చేతులతో స్టేషనుకి వెళ్ళింది.

బాపట్లలో దిగేసరికి మూడైంది. బసవలింగం షట్టరు ముందు మెట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి లేచి, అలవాటు మానలేక షట్టరు ముట్టుకున్నాడు.

"నలభై తొమ్మిదుంది. షట్టరు దించి ఉందని బంకాయన చెప్పాడు. లోపలికి రాలేదు తల్లీ, బయటే ఉన్నాను. ఇంత ఎండలో ఎక్కడికెళ్ళావ్?"

సుధ ఏమీ అనకుండా కందిన వేళ్ళు ఆయన ముందు చాపింది. ఆయన చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు.

"ఆదిలక్ష్మి నోట్లో నువ్వుగింజ నానదు."

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"మా అమ్మ కూడా నీలాగే జీడి కొట్టింది. ఒకసారి నలుగురిలో ఎవరో, ఏమే నీ వేళ్ళకి చలనం లేదా అన్నారు. అప్పట్నుంచి మనుషులొస్తే చేతులు కొంగులో దాచుకునేది. చెప్పకుండా ముందు నేనే ముట్టుకుని, అమ్మా ఇది కాలుద్ది అంటే మాత్రం హాయిగా పని చేసుకునేది." ఆయన గొడుగు మడిచాడు. "అట్లా అలవాటైపోయింది. ఊళ్ళోవాళ్ళు పిచ్చంటారు. అననీ. పిచ్చోడు టీ గ్లాసు ముట్టుకుంటే ఎవరూ కారణం అడగరు కదా."

సుధకి ఏడుపు రావలసింది. కానీ అప్పటికే బసవలింగం షట్టరెత్తి, మిషనులోకి తొంగి చూసి, "ఓర్నాయనో!" అని గట్టిగా అరవడంతో ఆ ఏడుపు అక్కడితో ఆగిపోయింది.

ప్రాసెసరు మీద ఫ్యాను తిరగడం లేదు. దాని ఇరుసుకి నూలు చుట్టుకుపోయి ఉండలా బిగిసింది. ఎర్ర నూలు, పచ్చ నూలు, మధ్యలో కాస్త జరీ కూడా. గ్లాసుకి, పట్టకారుకి, ఇస్త్రీపెట్టెకి ఆయన చుట్టిన నూలే అది. పోగులు పోగులుగా ఊడి, గాలికి ఎగిరి, ఎప్పుడూ రేకు తీసే ఉండే ఆ మిషనులో చేరింది.

బసవలింగం ఆ ఉండని చేతిలో పట్టుకుని కళ్ళప్పగించి నిలబడ్డాడు. "అంటే... నా స్వెట్టరే దీని పీక నొక్కింది."

ముందు నవ్వింది సుధే. పొట్ట పట్టుకుని, కందిన వేళ్ళతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చేపలకి తోకలు లేవు, శనివారం నెత్తిమీద ఉంది, అయినా నవ్వు ఆగలేదు.

ఆయన ఫ్యాను విప్పి నూలంతా కత్తిరించాడు. రేకుల కింద వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే గీకేసి కొత్తది రాశాడు. నాలుగు గదులూ అలాగే ఉంచి, వేగం మాత్రం ఒక మెట్టు తగ్గించాడు. శుక్రవారమంతా మిషను పక్కన స్టూలు వేసుకుని, వేళ్ళు లోపల పెట్టి కూర్చున్నాడు. "లాభం, రెండు, మూడు..." అని ఆయన గొణుగుతుంటే ఇవతల చేపలకి ఒక్కొక్కటిగా తోకలొచ్చాయి. శనివారం పదకొండుకల్లా రెండువేల అట్టలూ కట్టలు కట్టి ఉన్నాయి.

శ్యాంప్రసాద్ వచ్చి, కొంగు నమూనా కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. బాగుందని అనలేదు గానీ, వచ్చే నెల డిజైన్ల కాగితాలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"మొన్న ఇంటికెళ్ళాక వడదెబ్బతో రెండు రోజులు పడుకున్నానమ్మా. మజ్జిగ తాగమన్నారు, వినలేదు." ఆయనే వెనక్కి వచ్చి బసవలింగం ఎదుట తన బట్టతల వంచాడు. "ఒకసారి చూడండి బాబాయిగారూ."

"ముప్పై ఏడు. ఇక బాగుందండి."

మర్నాడు బసవలింగం ఆ దుమ్ము పట్టిన డబ్బా తుడుచుకుని తెచ్చి మిషనుకి బిగించాడు. ఎర్రగా 51 వెలిగింది. దాన్ని కాసేపు చూసి, తన చెయ్యి కూడా పెట్టి చూసి, "నిజమే చెప్తోంది" అని కాస్త దిగులుగా ఒప్పుకున్నాడు. "ఇక నేను రానక్కర్లేదు తల్లీ. నీకూ సంగతి తెలిసిపోయింది కాబట్టి టీ నువ్వే చూసుకుంటావు." గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఆయన రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం సుధ టీ పోసుకుని, మోచెయ్యి ఆనించి, ఏమీ తేల్చుకోలేక, గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి డబ్బా వంక చూసింది. 52. ఆమె డబ్బా వెనక మూత తీసి, లోపలున్న సెల్లు ఊడదీసి సొరుగులో పడేసి, ఫోను చేసింది.

"బాబాయ్, మీ డబ్బా పాడైపోయింది. ఏ అంకే చూపించట్లేదు."

"అదేంటే, మొన్నేగా పెట్టింది! సెల్లు చూశావా?"

"అన్నీ చూశాను. అదొక దిక్కుమాలిన మిషను బాబాయ్. మంచిది కాదు."

అవతల గొడుగు తీస్తున్న చప్పుడు వినిపించింది.

"నేనొస్తున్నా ఉండు. టీ ముట్టుకోకు."

రైలు వచ్చేసరికి ఆ టీ ఎలాగూ చల్లారిపోతుంది. అయినా సుధ ముట్టుకోకుండా కూర్చుంది. ఆయన వచ్చి, ఎడమచెయ్యి జేబులోంచి తీసి, గ్లాసు మీద ఆనించి, చాలాసేపు లెక్కపెట్టాడు.

"ముప్పై మూడు. తాగు."

తాగింది. మీగడ కట్టి, చప్పగా, ఆరేళ్ళుగా ఎలా ఉందో అలాగే ఉంది.